కాలవ పడవ స్కేల్ మోడల్ కట్టాలంటే ఏ మెటీరియల్ తీసుకోవాలి, ఎలా ఎంచుకోవాలి

ఇంగ్లాండ్ కాలవల్లో తిరిగే సన్నటి పొడుగాటి పడవలు ఉంటాయి కదా, నారోబోట్లు అంటారు, వాటి మోడల్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ ముందు అడిగేది "బాల్సానా, ప్లైవుడ్డా, ప్లాస్టిక్ షీటా" అని. ఆ ప్రశ్నకి జవాబు ఉంది గానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి మూడున్నాయి: ఏ పడవ, ఏ స్కేలు, నీళ్ళలో వదులుతారా షెల్ఫ్ మీద పెడతారా. ఈ మూడూ తేలిపోతే సగం మెటీరియల్స్ వాటంతటవే లిస్టులోంచి ఎగిరిపోతాయి, మిగిలిన వాటిలోంచి ఏరుకోవడం పెద్ద పనేం కాదు.

1. ముందు పడవ ఎంచుకోండి, అది దేంతో కట్టిందో చూడండి

నారోబోట్ అంత సన్నగా ఎందుకుందంటే అక్కడి కాలవ లాకుల వల్ల. 1766లో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు మొదలుపెట్టిన ట్రెంట్ అండ్ మెర్సీ కాలవ మీద లాకులు దాదాపు 7 అడుగుల వెడల్పుతో కట్టారు, ఆ తర్వాత మిడ్‌ల్యాండ్స్ (ఇంగ్లాండ్ మధ్య ప్రాంతం) అంతా అదే కొలత పాకింది, అందుకే పడవ వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలు, పొడుగు మాత్రం 70 అడుగుల దాకా. ఈ కొలతలు గుర్తుపెట్టుకోండి, మెటీరియల్ దగ్గర మళ్ళీ పనికొస్తాయి.

పాత సరుకు పడవల్లో మూడు రకాలు కనిపిస్తాయి. మొత్తం చెక్కతో కట్టినవి ఒక రకం, పక్కలకి ఓక్, అడుగుకి ఎల్మ్ పలకలు, ఆ అడుగు పలకలు పొడుగునా కాకుండా అడ్డంగా పరుస్తారు (ఎల్మ్ ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్ళదు, అందుకే నీళ్ళ అడుగున అదే వాడేవాళ్ళు). రెండోది కాంపోజిట్, పక్కలు రివెట్లు కొట్టిన ఇనుప రేకు, అడుగు మాత్రం ఎల్మ్. మూడోది మొత్తం లోహమే. 1930ల్లో గ్రాండ్ యూనియన్ కెనాల్ క్యారియింగ్ కంపెనీ కట్టించిన పడవల్లో చెక్కవీ ఉన్నాయి, స్టీలువీ ఉన్నాయి, స్టీలు వాటిలో చాలా వరకు హార్లాండ్ అండ్ వుల్ఫ్, యార్‌వుడ్స్ యార్డుల్లో తయారయ్యాయి. ఇప్పటి సరదా పడవలైతే వెల్డింగ్ చేసిన స్టీలు, వీటి గురించి మాట్లాడేటప్పుడు 10/6/4 అంటుంటారు, అంటే అడుగు ప్లేటు 10 ఎంఎం, పక్కలు 6, క్యాబిన్ 4 అని.

ఇది ఎందుకు చెప్తున్నానంటే రివెట్లు ఉన్న పడవకి వెల్డింగ్ పడవ లాంటి నున్నటి పక్కలు పెట్టినా, వెల్డింగ్ పడవకి వరసగా రివెట్లు కొట్టినా, తెలిసినవాళ్ళు దూరం నుంచే పట్టేస్తారు. కుదిరితే స్టోక్ బ్రూర్న్ మ్యూజియంలోనో ఎల్లెస్మియర్ పోర్ట్‌లో ఉన్న నేషనల్ వాటర్‌వేస్ మ్యూజియంలోనో పడవల్ని చూడండి, కుదరకపోతే ఒకే పడవ ఫోటోలు ఎన్ని దొరికితే అన్ని దగ్గర పెట్టుకోండి, పది పడవల ఫోటోలు కలిపి చూస్తే పదకొండో పడవ తయారవుతుంది, అది ఎక్కడా లేని పడవ.

2. స్కేలు వేసి లెక్క కట్టండి

70 అడుగుల పడవ తీసుకుంటే, 1:76లో (అంటే అసలు పడవలో 76వ వంతు, మోడల్ రైళ్ళ వాళ్ళు ఓఓ అనేది) పొడుగు 280 ఎంఎం, వెడల్పు 27. ఒక్కో అడుగు (ఫుట్) పొడుగుకి 7 ఎంఎం అనే స్కేల్లో 490 బై 48. 1:24లో 889 బై 87. 1:16లో 1334 బై 130. 1:12లో 1778 బై 174, అంటే దాదాపు మనిషంత పొడుగు, దాన్ని ఏ గదిలో కడతారో ఏ బండిలో తీసుకెళ్తారో ముందే ఆలోచించుకోవాలి, తలుపులోంచి బయటికి రాని పడవ కట్టి కూర్చుంటే ఎవరూ ఏం చెయ్యలేరు.

పొడుగు కంటే అసలు లెక్క బరువు. బరువు స్కేలుకి మూడో ఘాతంలో తగ్గుతుంది. 20 టన్నుల పడవ అనుకోండి, 1:12లో 11.6 కిలోలు, 1:16లో 4.9 కిలోలు, 1:24లో సుమారు కిలోన్నర మాత్రమే. నీళ్ళలో సరైన లోతుకి మునిగి కనబడాలంటే మీ మోడల్ మొత్తం బరువు, బ్యాటరీ మోటారు అన్నీ కలిపి, ఇంతే ఉండాలి. 1:24లో ఉన్న కిలోన్నరలో హల్లు (పడవ అడుగు, పక్కలు కలిసిన కింది భాగం), క్యాబిన్, రేడియో, మోటారు, బ్యాటరీ పోగా అడుగున పెట్టే బరువుకి కూడా కొంత మిగలాలి, కాబట్టి అక్కడ మందపాటి బ్రాస్ షీటుతో హల్లు కట్టే ఆలోచన పెట్టుకోకండి. 1:12లో మాత్రం తేలిక కోసం తంటాలు అక్కర్లేదు, ఎలాగూ సీసం వెయ్యాల్సి వస్తుంది, బలంగా కట్టేయండి.

3. నీళ్ళా షెల్ఫా

షెల్ఫ్ మీదకే అయితే దాదాపు ఏదైనా నడుస్తుంది, కార్డుబోర్డుతో కూడా అద్భుతంగా కట్టినవాళ్ళున్నారు. నీళ్ళలోకి అంటే మాత్రం ఎండీఎఫ్ (చెక్క పొడి నొక్కి చేసిన బోర్డు) వద్దే వద్దు, అంచు దగ్గర ఒక్కసారి తడి తగిలిందా ఉబ్బిపోతుంది, మళ్ళీ దిగదు. మామూలు ఇంటీరియర్ ప్లైవుడ్ కూడా పొరలు విడిపోతుంది. వాటర్‌లైన్ దగ్గర కోసేసి, సగం పడవ మాత్రమే డయోరమాలో (పరిసరాలతో సహా చేసిన చిన్న దృశ్యంలో) పెట్టే పద్ధతి ఒకటుంది, 1:76 వాళ్ళు ఎక్కువగా అదే చేస్తారు, అప్పుడు అడుగు అంతా వదిలెయ్యొచ్చు, కష్టమైన ఒంపుల్లో సగం తప్పిపోతాయి.

4. హల్లు: ఇది షీటుతో కట్టిన పడవ, షీటుతోనే కట్టండి

షిప్ మోడల్స్ చేసినవాళ్ళు నారోబోట్‌కి వచ్చేసరికి అలవాటుగా సన్నటి చెక్క పట్టీలు ఒక్కొక్కటీ అతికించడం మొదలుపెడతారు. దీనికి అంత అవసరం లేదు. ఈ పడవ మధ్యలో ముప్పావు భాగం నిటారు పెట్టె, అడుగు బల్లపరుపు, పక్కలు దాదాపు నిలువు. ఒంపు ఉన్నది ముందు కొన దగ్గర, వెనక ప్రొపెల్లర్ వైపు సన్నబడే చోట (దాన్ని స్విమ్ అంటారు), అక్కడ కూడా చాలా వరకు ఒకే దిక్కుకి వంగే ఒంపే, అసలు పడవలో స్టీలు ప్లేటు వంచింది అలాగే కదా. కాయితాన్ని చుట్టినట్టు వంగే చోట షీటు హాయిగా వంగుతుంది. కాబట్టి హల్లుకి మెటీరియల్ ఎంచుకునేటప్పుడు చూడాల్సినవి రెండే, ఎంత బల్లపరుపుగా ఉంటుంది, ఎంత ఒద్దికగా వంగుతుంది.

1:24, 1:16, 1:12కి నా ఓటు బర్చ్ ప్లైకి. విమానాల మోడల్స్ వాళ్ళు వాడే సన్నటి బర్చ్ ప్లై 0.4 ఎంఎం నుంచి దొరుకుతుంది, పొరలు సమానంగా ఉంటాయి, లోపల ఖాళీలుండవు. 1:24కి లోపలి అడ్డగోడలు (ఫ్రేములు) 3 ఎంఎం, పక్కలు 0.8 లేదా 1, అడుగు 1.5. 1:12కి ఫ్రేములు 6, పక్కలు 1.5 నుంచి 2, అడుగు 3. కొనేముందు షీటుని కంటి ఎత్తులో పట్టుకుని అంచు వెంబడి ఒక కన్ను మూసి చూడండి, మెలిక తిరిగి ఉంటే పక్కన పెట్టెయ్యండి, "అతికిస్తే సర్దుకుంటుందిలే" అనుకోవద్దు, 70 అడుగుల పడవకి ఆ మెలిక చివరిదాకా వెంటాడుతుంది.

ప్లై వంచేటప్పుడు పై పొర గ్రెయిన్ (చెక్క నారలు సాగే దిక్కు) ఏ వైపు ఉందో చూసుకోవాలి. పై పొర గ్రెయిన్ వంపుకి అడ్డంగా, అంటే నిలువుగా ఉండేలా కోస్తే ముందు కొన దగ్గర సులువుగా తిరుగుతుంది, పొడుగునా ఉంటే మొండికేస్తుంది, బలవంతం చేస్తే టప్పున చీలుతుంది. పొడుగు ముక్కలు ఒకే షీటులో రావు కాబట్టి ఎలాగూ అతుకు వస్తుంది, ఆ అతుకు మధ్య నిటారు భాగంలో, లోపల ఒక ఫ్రేము మీద పడేలా ప్లాన్ చేసుకుంటే ముందు ముక్కకి గ్రెయిన్ ఒక వైపు, మధ్య ముక్కకి ఇంకో వైపు పెట్టుకోవచ్చు. వేడినీళ్ళలో నానబెట్టి, ఏదైనా గుండ్రటి డబ్బాకి కట్టి రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకి ఆకారం పట్టి ఉంటుంది. అయితే ప్లై పొరల మధ్య జిగురు వాటర్‌ప్రూఫ్ రకం అయితేనే ఈ పని చెయ్యండి.

బాల్సా ఎక్కడ అంటారా, ముందు కొనలోనూ వెనక కౌంటర్ (పడవ వెనక కొన మీది గుండ్రటి భాగం) కిందా లోపల దిమ్మెలుగా పెట్టి చెక్కుకోవడానికి బాగుంటుంది. పై చర్మంగా మాత్రం వద్దు, గోరు తగిలితే సొట్ట పడుతుంది, పెయింటు తాగేస్తుంది.

1:76, 7 ఎంఎం స్కేళ్ళకి స్టైరీన్ షీటు (మొదట్లో అన్న ప్లాస్టిక్ షీటు ఇదే), ఇంకో ఆలోచన లేదు. 1:76కి 0.75 లేదా 1 ఎంఎం. కత్తితో గీత గీసి విరిచేస్తే నున్నగా వస్తుంది, సాల్వెంట్ గ్లూ రెండు నిమిషాల్లో పట్టేస్తుంది.

3డి ప్రింటింగ్ గురించి అడుగుతారు, చెప్తాను. హల్లు ముక్కలుగా ప్రింట్ చేసి జోడించొచ్చు, కానీ పొడుగు నిటారు గోడ మీద లేయర్ గీతలు, ముక్కల అతుకులు నున్నగా చెయ్యడానికి పట్టే టైములో ప్లై హల్లు ఒకటి అయిపోతుంది. పైగా ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో మూసిన కారులో పెడితే పడవ అరటిపండు ఆకారంలో తిరిగొస్తుంది. ప్రింటర్ని చిన్న ఫిట్టింగులకి వాడండి, రెజిన్ ప్రింట్ అయితే ఇంకా మంచిది.

నీళ్ళలో వదిలే ప్లై హల్లుకి లోపల పల్చటి ఎపాక్సీ రెజిన్ ఒక కోటు, బయట సన్నటి గ్లాస్ క్లాత్ (ఫైబర్‌గ్లాస్ గుడ్డ, చదరపు మీటరుకి 25 నుంచి 50 గ్రాములది) ఎపాక్సీతో పరిస్తే చాలు. మందపాటి ఫైబర్‌గ్లాస్ మ్యాట్ వెయ్యొద్దు, మూలలన్నీ గుండ్రంగా అయిపోయి స్టీలు పడవ సబ్బుబిళ్ళలా కనిపిస్తుంది. ఆరిన తర్వాత గరుకు కాగితం వేసేటప్పుడు మాస్కు, తడి కాగితం రెండూ ఉండాలి, గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

5. మందం లెక్క, అంచుల కిటుకు

కొంతమంది స్కేలు మందం పట్టుకుని వేలాడతారు. 6 ఎంఎం స్టీలు 1:24లో 0.25, 1:76లో 0.08, అంటే కాయితం కంటే కాస్త అటూ ఇటూ. ఆ మందంతో హల్లు నిలబడదు, నిలబడాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే మందం కనిపించేది అంచు దగ్గరే. సరుకు దించే ఖాళీ హోల్డు పై అంచు, తలుపులు, హ్యాచ్ మూతలు, కిటికీ అంచులు, ఇవి మాత్రమే లోపలి వైపు నుంచి ఏటవాలుగా అరగదీసి పల్చగా చెయ్యండి, లేదా ఆ ఒక్క చోట 0.25 బ్రాస్ పట్టీ అతికించండి. కంటికి మొత్తం పడవ స్టీలే అనిపిస్తుంది.

6. చెక్క పడవైతే ఏ చెక్క

అసలు పడవ ఓక్‌తో కట్టారు కదా అని ఓక్ తెస్తే దెబ్బతింటారు. ఓక్ రంధ్రాలు, గీతలు స్కేలుకి తగ్గవు. 1:24లో ఒక మిల్లీమీటరు గీత అసలు పడవ మీద అంగుళం వెడల్పు పగులు. వాల్‌నట్‌కీ అదే జబ్బు, కిట్లలో ఎందుకిస్తారో గానీ. గ్రెయిన్ దాదాపు కనిపించని చెక్క కావాలి: లైమ్ (నిమ్మ కాదు, లిండెన్ చెట్టు), బాస్‌వుడ్, పేర్ (పియర్ పండ్ల చెట్టు), కాస్త దొరికితే బాక్స్‌వుడ్. లైమ్ మెత్తగా కోసుకోవచ్చు, వంగుతుంది, రంగు మీరు వేసుకోవచ్చు. పేర్‌ది కాస్త ఎర్రటి రంగు, అంచులు పదునుగా నిలబడతాయి, చిన్న చిన్న పలకలకి దాన్ని మించింది లేదు.

హల్లు ఎలాగూ తారు నల్లరంగు పూస్తారు కాబట్టి బయట చెక్క కనబడదు, ప్లై మీద పలకల గీతలు గీస్తే చాలు. అసలు చెక్క పెట్టాల్సింది హోల్డు లోపల కనబడే నేల, స్టాండులు, వాటి మీద పొడుగునా పరిచే నడక పలకలు, పోల్, ఇలాంటి వాటికి. కొత్తగా కోసిన చెక్క మరీ పసుపుగా ఉంటుంది, పల్చటి బూడిద గోధుమ రంగు ఒక్కసారి తుడిస్తే వాడిన పలకలా వస్తుంది.

7. క్యాబిన్, అంటే అసలు పరీక్ష

సరదా పడవలో క్యాబిన్ గోడ పడవ పొడుగులో చాలా భాగం ఉంటుంది, మీద మెరిసే పెయింటు, కాబట్టి అర మిల్లీమీటరు అల ఉన్నా లైటు పడగానే తెలిసిపోతుంది. 1:24, 1:16కి 1.5 ఎంఎం ప్లై గోడ, లోపల రెండు మూడు అంగుళాలకొక నిలువు పట్టీ. దీనికి స్టైరీన్ కూడా బాగుంటుంది, కిటికీలు కోసుకోవడం చాలా సులువు, కానీ ఒక జాగ్రత్త: రెండు స్టైరీన్ షీట్లు మొత్తం సాల్వెంట్ పూసి ఒకదాని మీద ఒకటి అతికిస్తే ఆవిరి మధ్యలో ఇరుక్కుని నెలల తర్వాత గోడ వంకర తిరుగుతుంది. లోపలి షీటుకి అక్కడక్కడా రంధ్రాలు పెట్టండి, సాల్వెంట్ అంచుల్లోనూ చుక్కలుగానూ మాత్రమే వేయండి. ఒక వైపే మందపాటి ముక్క అతికించడం కూడా వంకరకి కారణమే, రెండు వైపులా సమానంగా ఉండాలి.

గోడలు పైకి పోయే కొద్దీ కొంచెం లోపలికి వాలి ఉంటాయి, టంబుల్‌హోమ్ అంటారు, బ్రిడ్జి కమాను కింద దూరడానికి అది అవసరం. ఫ్రేముల్లోనే ఆ వాలు కోసుకోవాలి, తర్వాత వంచుదాం అంటే కుదరదు. పైకప్పుకి మధ్యలో కొంచెం ఎత్తు ఉంటుంది, 0.8 ప్లై ఫ్రేముల మీద వంచి అతికిస్తే సరిపోతుంది. పాత సరుకు పడవ క్యాబిన్ అయితే చిన్నది, పది అడుగులు కూడా ఉండదు, పక్కన ప్యానెల్ గీతలకి సన్నటి స్టైరీన్ పట్టీలు వాడండి, చెక్క పట్టీలకి చివర్లు పీచులేస్తాయి.

నీళ్ళలో వదిలేదైతే కప్పుగానీ మొత్తం క్యాబిన్‌గానీ ఊడొచ్చేలా ఉండాలి, బ్యాటరీ మార్చాలి కదా. అందుకని క్యాబిన్‌కీ హల్లుకీ ఒకే మెటీరియల్ వాడండి, ఒకటి ప్లై ఒకటి ప్లాస్టిక్ అయితే వాతావరణం మారినప్పుడల్లా ఒకటి పెరిగి ఇంకోటి పెరగక సందు కనిపిస్తుంది, పొడుగు పడవలో ఇది ఇంకా ఎక్కువ.

కిటికీలకి 1 ఎంఎం అక్రిలిక్ లేదా క్లియర్ షీటు. సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వకండి, దాని ఆవిరికి క్లియర్ ప్లాస్టిక్ మీద తెల్లటి పొగ పడుతుంది. పీవీఏ (తెల్లటి చెక్క జిగురు) చాలు, లేదా విమానాల కానోపీలకి వాడే గ్లూ. గుండ్రటి పోర్ట్‌హోల్స్‌కి బట్టలకి కొట్టే ఇత్తడి ఐలెట్లు చూడండి, సైజు కుదిరితే అచ్చు అలాగే ఉంటాయి.

8. జిగురు

చెక్కకి చెక్క, షెల్ఫ్ మోడల్ అయితే మామూలు పీవీఏ, నీళ్ళ మోడల్ అయితే వాటర్‌ప్రూఫ్ రకం లేదా ఎపాక్సీ. స్టైరీన్‌కి సాల్వెంట్. లోహం చెక్కకీ, లోహం ప్లాస్టిక్‌కీ ఎపాక్సీ, అతికించే ముందు లోహాన్ని గరుకు కాగితంతో రుద్దకపోతే ఎంత మంచి ఎపాక్సీ అయినా ఊడొస్తుంది. లోహానికి లోహం టంకం వెయ్యండి. సూపర్ గ్లూ తాత్కాలికంగా పట్టి ఉంచడానికే, ఎదురుదెబ్బకి ఆగదు. సాల్వెంట్‌తో పని చేసేటప్పుడు కిటికీలు తీసి పెట్టుకోండి.

9. లోహం పనులు, రివెట్లు

ముందు కొన నిలువు కడ్డీకి అర్ధగుండ్రటి బ్రాస్, పక్కల మీద రాసుకోకుండా ఉండే గార్డు పట్టీలకి బ్రాస్ లేదా స్టైరీన్ స్ట్రిప్, చిమ్నీకి బ్రాస్ ట్యూబు (నల్లరంగు పూసి మూడు ఇత్తడి కట్లు మాత్రం రంగు లేకుండా వదిలెయ్యండి). చుక్కాని దగ్గర తేడా గమనించండి: మోటారు పడవకి హంస మెడలా వంగిన లోహపు కడ్డీ, దాని చివర ఊడదీసే టిల్లరు (చేత్తో పట్టుకుని చుక్కాని తిప్పే పిడి) ఉంటుంది, అది వంచిన బ్రాస్ రాడ్డుతో వస్తుంది. ఇంజను లేని జతపడవకి, దాన్ని బట్టీ అంటారు, పెద్ద చెక్క చుక్కాని, చెక్క టిల్లరు, ఆగి ఉన్నప్పుడు ఆ టిల్లరు తీసి తిరగేసి పైకి ఒంపుగా పెడతారు. అది పేర్ చెక్కతో చెక్కండి, ప్లైతో చేస్తే అంచున పొరలు కనబడతాయి.

రివెట్ల కోసం 0.1 లేదా 0.15 ఎంఎం బ్రాస్ షీటో స్టైరీనో వెనక నుంచి మొద్దు సూదితో నొక్కి, ఆ పల్చటి తొడుగు ప్లై హల్లు మీద అతికించడం నాకు నచ్చిన పద్ధతి. 1909లో కట్టిన ప్రెసిడెంట్ అనే పడవ లాంటి రివెట్ల హల్లు చేసేవాళ్ళకి ఇది తప్పదు. 1:76లో అయితే రివెట్లు వదిలెయ్యండి, ఆ స్కేలుకి కనబడేంత పెద్దవి పెడితే మొటిమల్లా ఉంటాయి.

10. గుడ్డ, తాడు

హోల్డు మీద కప్పే నల్ల గుడ్డలకి అసలు కాటన్ పెడితే నేత పెద్దగా కనిపిస్తుంది, మడతలు కూడా బరువుగా పడవు. పల్చటి టిష్యూ కాయితం, నీళ్ళు కలిపిన పీవీఏ, స్టాండుల మీద పరిచి తడిగా ఉండగానే మడతలు సర్దండి, ఆరాక నల్లటి మ్యాట్ రంగు. తాళ్ళకి నైలాన్ దారం వద్దు, అది వేలాడదు, స్ప్రింగులా లేస్తుంది, మెరుస్తుంది కూడా. కాటన్ లేదా నార దారం తీసుకుని తేనెమైనం ముక్క మీద రెండుసార్లు లాగితే నూగు అణిగిపోతుంది.

11. బరువు, పెయింటు

అడుగు బరువుకి సీసం షీటు మంచిది, పల్చగా పరుచుకుంటుంది కాబట్టి బరువు కిందే ఉంటుంది, ఇంత సన్నటి పడవకి అది ముఖ్యం. గ్లౌజులు వేసుకుని ముట్టుకోండి, సీసం వద్దనుకుంటే స్టీలు పట్టీలకి రంగు పూసి వాడొచ్చు. ముందే అతికించెయ్యకండి, నీళ్ళ టబ్బులో పెట్టి అటూ ఇటూ జరిపి, కొద్దిగా వెనక్కి కూర్చునేలా చూసుకున్నాకే.

హల్లుకి కటిక నలుపు కాకుండా ముదురు బూడిద కలిపిన నలుపు, మ్యాట్ (మెరవనిది). క్యాబిన్‌కి అసలు పడవ మీద అద్దంలాంటి మెరుపు ఉన్నా మోడల్ మీద శాటిన్ (సగం మెరుపు) అయితేనే స్కేలుకి కుదురుతుంది. ఎనామెల్ మెల్లగా ఆరుతుంది, బ్రష్ గీతలు అవే సర్దుకుంటాయి, ఈ పడవల మీద చేత్తో వేసే గులాబీలు, కోటల బొమ్మలకి కూడా అదే హాయి. స్టైరీన్ మీద సెల్యులోజ్ పెయింటు నేరుగా కొట్టొద్దు, కరిగిపోతుంది.

అన్నీ ఒకేసారి కొనెయ్యకండి. ముందు హల్లు షీటు, దాని జిగురు, ఎపాక్సీ, ప్రైమరు, మీరనుకున్న నలుపు, ఈ ఐదే తెచ్చి ఒక అరచేతంత ముక్క మీద నిజం పడవ మీద చేసే వరసలోనే అన్నీ చేయండి: వంచండి, అతికించండి, ఎపాక్సీ, ప్రైమరు, రంగు. ఆరాక బకెట్లో రెండ్రోజులు ముంచి ఉంచండి. అంచు ఉబ్బిందా, రంగు బుడగలు లేచిందా, అతుకు గోరుతో లాగితే వచ్చిందా చూడండి. ఏదైనా తేడా వస్తే మార్చాల్సింది ఆ ఒక్క మెటీరియల్ మాత్రమే. అంతా బాగుంటే అప్పుడు క్యాబిన్ షీటు, బ్రాస్, మిగతావన్నీ, ఇత్తడి ఐలెట్లు మాత్రం కిటికీ రంధ్రాలు కొయ్యకముందే తెచ్చుకోండి, రంధ్రం సైజు వాటిని బట్టే వెయ్యాలి.